మర్జీ కథ ఏ అల్మారాలో ఉండాలి?

కొనేది ఒకరైతే చదివేది పదిమంది. అలా తిరిగే పుస్తకాలు ఎక్కువ ఉండవు. మర్జానె సత్రపి తన బాల్యాన్ని బొమ్మల్లో చెప్పుకున్న 'పర్సెపొలిస్' వాటిలో ఒకటి. పాతికేళ్లుగా అది స్నేహితుల మధ్య, అక్కాచెల్లెళ్ల మధ్య, టీచర్లకూ పిల్లలకూ మధ్య చేతులు మారుతూనే ఉంది. లావుపాటి నవల ఇస్తే పుచ్చుకున్నవాళ్లు తీరిగ్గా చదువుదాంలే అని పక్కన పెడతారు. దీన్ని ఒకటి రెండు కూర్చోవడాల్లో ముగించి ఇంకొకరికి ఇవ్వొచ్చు. బొమ్మల పుస్తకానికున్న మొదటి బలం అదే. పుస్తకాలంటే పడనివాళ్లు కూడా దాన్ని తెరవడానికి భయపడరు.

సత్రపి 1969లో ఇరాన్‌లోని రష్త్ పట్టణంలో పుట్టారు, టెహ్రాన్‌లో పెరిగారు. ఆమెకు పదేళ్లు రాకముందే షా పాలన కూలింది, ఇస్లామిక్ ప్రభుత్వం వచ్చింది. 1980లో బడిలో ఆడపిల్లలకు ముసుగు తప్పనిసరైంది. ఆ ఏడాదే ఇరాక్‌తో యుద్ధం మొదలై ఎనిమిదేళ్లు సాగింది. పద్నాలుగేళ్ల వయసులో తల్లిదండ్రులు ఆమెను ఒంటరిగా వియన్నా పంపారు. తర్వాత ఆమె తిరిగి టెహ్రాన్ వచ్చి చిత్రకళ చదివి, 1994లో ఫ్రాన్స్ చేరారు. అక్కడ ఆమె చెప్పే ఇరాన్ కబుర్లు విన్న తోటి చిత్రకారులు వాటిని బొమ్మలుగా వేయమని పట్టుబట్టారు. చిత్రకారులే కలిసి పెట్టుకున్న లాసోసియాసియోఁ అనే చిన్న ప్రచురణ సంస్థ 2000 నుంచి 2003 మధ్య నాలుగు సంపుటాలుగా వేసింది. పెద్ద కంపెనీ ప్రచారమేదీ లేకుండా మొదలైన పుస్తకం ఇది. చదివినవాళ్లు నలుగురికీ చెప్పడం వల్లే నిలబడింది.

ఆ కథ ఎందుకంత గట్టిగా పట్టుకుంటుందో తెలియాలంటే మొదటి పేజీ చూస్తే చాలు. ముసుగు వేసుకున్న పదేళ్ల మర్జీ, అంటే చిన్ననాటి సత్రపి, మనకేసి చూస్తూ ఉంటుంది. పక్క గడిలో క్లాసు ఫొటో ఉంటుంది. అందులో మర్జీ మాత్రం ఎడమ అంచున ఉండి, దాదాపు గడి బయటికి కోసేసినట్టు కనిపిస్తుంది. కొత్త నియమం వచ్చిన బడిలో పిల్లలు చేసేదేమిటో ఆ కిందే కనిపిస్తుంది. ఒకత్తె ముసుగును తాడుగా చేసి గెంతుతుంది, ఇంకొకతె స్నేహితురాలికి కళ్లెం వేసి గుర్రమాట ఆడుతుంది. ప్రభుత్వం వేసిన ఆంక్షను పిల్లలు నిమిషంలో ఆటవస్తువు చేసుకున్నారు. ఇది చూశాక ఇరాన్ ఆడపిల్లలంటే నల్లటి గుడ్డల వెనక దాక్కున్న ఒకే ముద్ద అని ఎవరైనా ఎలా అనుకుంటారు?

ఇంకో అధ్యాయం మరీ నిలదీస్తుంది. మర్జీ ఇంట్లో పనిచేసే ఆవిడ కొడుకుకి బడిలో బంగారు రంగు పూసిన ప్లాస్టిక్ తాళంచెవి ఇస్తారు. యుద్ధంలో చనిపోతే స్వర్గం తలుపు దాంతోనే తెరుచుకుంటుందని నమ్మిస్తారు. ఆ తాళంచెవులు పేద ఇళ్ల పిల్లలకే చేరాయి. అధ్యాయం చివర్లో పైన ఒక పెద్ద గడి. మెడలో తాళంచెవులు వేలాడుతున్న కుర్రాళ్లు మందుపాతరల మీద గాల్లోకి ఎగిరిపోతుంటారు, ముఖాలు లేని నల్లటి నీడలుగా. దాని కింద ఇంకో గడి. మర్జీ మొట్టమొదటిసారి పార్టీకి వెళ్లింది, పంక్ ఫ్యాషనని అమ్మ అల్లిచ్చిన చిల్లుల స్వెట్టర్ వేసుకుంది, పిల్లలంతా గెంతుతున్నారు. పై గడిలో గాల్లోకి లేచిన చేతులు, కింది గడిలో గాల్లోకి లేచిన చేతులు. సత్రపి అక్కడ వ్యాఖ్యానం చెయ్యలేదు. ఒకే ఊరి పిల్లలు, ఒకే వయసు, మధ్యలో డబ్బు గీసిన గీత. పది పేజీల వ్యాసం చెప్పలేనిది ఆ ఒక్క పేజీ చెబుతుంది. కథ చదివినవాళ్లు పుస్తకం తెరిచి పక్కవాళ్లకు ఆ పేజీ చూపించక మానరు.

యుద్ధమూ ఉరిశిక్షలే ఉంటే ఈ పుస్తకం ఇన్ని చేతుల్లోకి వెళ్లేది కాదు. ఇంట్లో దేవుడితో గుసగుసలాడే పిల్ల ఉంది. టర్కీ వెళ్లొస్తూ కూతురి కోసం కోటు లోపల పోస్టర్లు కుట్టుకొచ్చే తల్లిదండ్రులున్నారు. అన్నిటికన్నా మించి అమ్మమ్మ ఉంది. ఒంటికి పరిమళం ఉండాలని రోజూ ఉదయం మల్లెలు కోసి లోదుస్తుల్లో వేసుకుంటుంది ఆవిడ. మల్లెపూల మధ్య పెరిగిన తెలుగు ఆడపిల్లకు ఆ అమ్మమ్మను పరిచయం చెయ్యనక్కర్లేదు.

చదువరులు దీన్ని రకరకాలుగా ముందుకు నెట్టారు. 2009లో ఇరాన్ ఎన్నికల తర్వాత జనం వీధుల్లోకి వచ్చినప్పుడు, షాంఘైలో ఉంటున్న ఇద్దరు ఇరానీయులు సత్రపి అనుమతితో ఆమె బొమ్మలనే తీసుకుని కొత్త మాటలు చేర్చి, ఆ ఏడాది జరిగింది చెప్పే చిన్న కథ చేసి ఇంటర్నెట్‌లో వదిలారు. 2016లో నటి ఎమ్మా వాట్సన్ తన 'అవర్ షేర్డ్ షెల్ఫ్' పఠన బృందానికి దీన్నే ఎంపిక చేశారు. మహసా అమినీ అనే ఇరాన్ యువతి మరణం తర్వాత లేచిన ఉద్యమం మీద సత్రపి పలువురు చిత్రకారులతో కలిసి 2023లో తెచ్చిన పుస్తకానికి పర్షియన్ రూపం కూడా ఉంది. ఇరాన్‌లో ఉన్నవాళ్లు చదువుకోవాలని దాన్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. చేతి నుంచి చేతికి వెళ్లడమే తన పుస్తకాల బతుకు అని ఆమెకూ తెలుసు.

అయినా, పుస్తకం చేతులు మారుతోంది కదా అని నిశ్చింతగా ఉండొచ్చా అంటే, ఉండకూడదు. షికాగోలో జరిగింది చూడాలి.

2013 మార్చిలో షికాగో ప్రభుత్వ బడుల అధికారులు 'పర్సెపొలిస్'ను తరగతుల నుంచి తీసెయ్యమన్నారు. చిత్రహింసలు చూపిన బొమ్మలూ కొన్ని మాటలూ ఏడో తరగతి పిల్లలకు తగవన్నది వాళ్లు చెప్పిన కారణం. లేన్ టెక్ హైస్కూల్ పిల్లలు ఊరుకోలేదు. పుస్తకం పట్టుకుని బడి ముందు నిరసనకు దిగారు. విషయం దేశమంతా పాకింది. అధికారులు కొంత వెనక్కి తగ్గి, లైబ్రరీల్లో పుస్తకం ఉంటుంది, ఏడో తరగతి పాఠంలో మాత్రం ఉండదు అన్నారు. అప్పుడు షికాగో టీచర్ల సంఘం ఒక మాట అడిగింది. ఆ నగరంలో 160 ప్రాథమిక పాఠశాలలకు లైబ్రరీయే లేదు, మరి ఆ పిల్లలు ఎక్కడ చదవాలి?

అసలు ప్రశ్న అదే. నిషేధం వార్త వచ్చిన వారంలో షికాగోలో మధ్యతరగతి ఇంటి పిల్ల పుస్తకాన్ని అంగట్లో కొనుక్కోగలదు, స్నేహితురాలి దగ్గర తెచ్చుకోగలదు. చుట్టుపక్కల పుస్తకం కొనేవాళ్లెవరూ లేని పిల్లకు బడిలో టీచర్ చేతికివ్వడం ఒక్కటే దారి. ఆ దారినే మూసేశారు. తాళంచెవి అధ్యాయంలో కనిపించే డబ్బు గీత ఇక్కడా కనిపిస్తుంది.

ఇలాంటి వివాదం వచ్చినప్పుడల్లా నిషేధిస్తే అమ్మకాలు పెరుగుతాయి, పుస్తకానికి మంచిదే అని కొందరు తేలిగ్గా అనేస్తారు. నిజమే, పెరుగుతాయి. 2022 జనవరిలో టెనెసీ రాష్ట్రంలోని మెక్‌మిన్ కౌంటీ విద్యా మండలి ఆర్ట్ స్పీగెల్‌మన్ 'మౌస్'ను ఎనిమిదో తరగతి పాఠాల నుంచి ఏకగ్రీవంగా తీసేసింది. 1992లో పులిట్జర్ ప్రత్యేక బహుమతి పొందిన పుస్తకం అది. నాజీ శిబిరాల్లోంచి బతికి బయటపడ్డ తండ్రి కథను కొడుకు బొమ్మలుగా వేశాడు. వార్త రాగానే దేశమంతా జనం దాన్ని ఎగబడి కొన్నారు. నాక్స్‌విల్ ఊళ్లో నిర్వాణా కామిక్స్ అనే దుకాణం విద్యార్థులకు ఉచితంగా పంచుతామని విరాళాలు అడిగితే లక్ష డాలర్లకు పైగా వచ్చాయి. ముక్కూమొహం తెలియని పిల్లల కోసం అంతమంది డబ్బు పంపడం మనసు నింపే విషయం. కానీ దాన్ని చూసి తృప్తిపడిపోకూడదు. వచ్చే ఏడాది ఎనిమిదిలోకి వచ్చే పిల్ల సంగతేమిటి? వార్త చల్లారాక విరాళాలు రావు. పాఠంలో ఉన్న పుస్తకమైతే ఏటేటా వచ్చే ప్రతి పిల్ల చేతికీ అందుతుంది, ఎవరి దయతోనూ పని లేకుండా.

జపాన్‌లో ఇంకో తీరు. కెయిజీ నకజవాకు ఆరేళ్లప్పుడు హిరోషిమాపై అణుబాంబు పడింది. బడి గోడ అడ్డమై ఆ పిల్లాడు బతికాడు. తండ్రి, అక్క, తమ్ముడు చనిపోయారు. ఆ అనుభవంతోనే ఆయన 1973లో 'హదాషి నో గెన్' అనే బొమ్మల కథ మొదలుపెట్టారు. పేర్లు మార్చారు గానీ చాలావరకు ఆయన బాల్యమే. 1976లో టోక్యోలో కొందరు స్వచ్ఛందంగా గుంపు కట్టి, ఇతర దేశాలవాళ్లు చదవాలని దాన్ని ఇంగ్లీషులోకి తర్జుమా చెయ్యడం మొదలుపెట్టారు. పుస్తకం పంచుకోవడంలో ఇంతకన్నా పెద్ద పని ఏముంటుంది? జపాన్ బడి లైబ్రరీలు మామూలుగా కామిక్స్ ఉంచవు గానీ దీన్ని తరతరాలుగా ఉంచాయి. అలాంటిది 2012 డిసెంబరులో, నకజవా కన్నుమూసిన నెలలోనే, మత్సుయే నగర విద్యాశాఖ అధికారులు ఆ సంపుటాలను పిల్లలకు అందకుండా లోపలి అరల్లో పెట్టమని బడులకు చెప్పారు. జపాన్ సైన్యం చేసిన అకృత్యాల బొమ్మలు మరీ ఘోరంగా ఉన్నాయట. 2013 ఆగస్టులో సంగతి బయటికి పొక్కి గగ్గోలైంది. నెల తిరక్కుండానే ఆ ఆదేశం వెనక్కి తీసుకున్నారు. పుస్తకాన్ని ఎవరూ తగలబెట్టలేదు, నిషేధం అనే మాటా వాడలేదు. పిల్లల చేతికి అందే అర నుంచి అందని అరకు మార్చారు. దాదాపు ఎనిమిది నెలలు అది మరుగునే ఉంది.

చిత్రహింసల బొమ్మ పన్నెండేళ్ల పిల్లకు చూపించాలా అన్న తల్లిదండ్రుల బెంగను కొట్టిపారెయ్యకూడదు. ఆ బొమ్మలు కలవరపెడతాయి. మర్జీ ఆ చిత్రహింసల గురించి విన్నదీ ఆ వయసుకు అటూఇటూనే. ఇంటికొచ్చిన అతిథులు జైల్లో పడ్డ బాధలు చెబుతుంటే నేలమీద కూర్చుని వింది. ఆ పిల్లకు దిక్కైనది చుట్టూ ఉన్న పెద్దవాళ్లు. ప్రశ్నలడిగితే జవాబు చెప్పిన అమ్మానాన్నలు, జైలు నుంచి వచ్చి తన కథ దాపరికం లేకుండా చెప్పిన నాన్న సోదరుడు అనూష్. షికాగో తరగతి గదిలో ఆ పుస్తకాన్ని చదివించే టీచర్ చేస్తున్న పనీ అదే. భయం పుట్టించే బొమ్మ ముందు పిల్లను ఒంటరిగా వదిలెయ్యకుండా పక్కన కూర్చోవడం. యుద్ధాల శవాలు ఫోన్లో ఏ వివరణా లేకుండా కళ్లముందు దొర్లిపోతున్న రోజుల్లో, వివరణతో కూడిన బొమ్మను తరగతి నుంచి తీసేస్తే ఏ పిల్లకు రక్షణ?

మన దేశంలోనూ ఇలాంటి పుస్తకాలున్నాయి. అంబేడ్కర్ రాసుకున్న జ్ఞాపకాల ఆధారంగా గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యాం, సుభాష్ వ్యాం బొమ్మలు వేసిన 'భీమాయన' 2011లో వచ్చింది. బడిలో దాహమేస్తే కుళాయి ముట్టుకోనివ్వని పిల్లాడు అందులో ఉన్నాడు. శ్రీనగర్‌లో పెరిగిన మాలిక్ సజాద్ తన బాల్యాన్ని 2015లో 'మున్ను'గా వేశాడు. కశ్మీరీలందరినీ అక్కడి హంగుల్ జింకల ముఖాలతో గీశాడు. హైదరాబాద్, విజయవాడ పుస్తక ప్రదర్శనలకు వెళ్లేవాళ్లకు ఇవి దొరకొచ్చు. వాళ్ల స్నేహితులకూ దొరకొచ్చు. మండల కేంద్రంలో, రెసిడెన్షియల్ హాస్టల్లో ఉన్న తొమ్మిదో తరగతి అమ్మాయికి ఎవరు తెచ్చిస్తారు?

ఆ పని తెలుగువాళ్లకు కొత్త కాదు. 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లాలో కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. కొనుక్కోలేనివాళ్లు, పట్నం వెళ్లలేనివాళ్లు ఎక్కడుంటే పుస్తకం అక్కడికే వెళ్లాలన్నది ఆయన తరం పట్టుదల. ఇప్పుడు దానికి చట్టమే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఆస్తిపన్ను కట్టే ప్రతివాళ్లూ రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నారు. ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థలకు చేరాలి. స్థానిక సంస్థలు బకాయి పెడుతున్నాయన్న ఫిర్యాదు ఏళ్ల తరబడి వినిపిస్తూనే ఉంది. చేరిన డబ్బులోనూ కొంత పోటీ పరీక్షల పుస్తకాలకు పోతోంది. ఉద్యోగాల కోసం చదివేవాళ్లకు అవి అవసరమే. కానీ పద్నాలుగేళ్ల పిల్ల లైబ్రరీకి వస్తే ఆమె చేతికేమిస్తున్నారు?

జిల్లా గ్రంథాలయాలు ఈ ఏడాది కొనుగోళ్ల జాబితాలో 'పర్సెపొలిస్', 'మౌస్', 'భీమాయన', తెలుగులో దొరికే బొమ్మల జీవిత కథలన్నీ చేర్చాలి. ఒక్కో శాఖకు ఒకటి కాదు, రెండు మూడు ప్రతులు. ఒకటి ఎప్పుడూ ఎవరింట్లోనో ఉంటుంది కాబట్టి. ఇంగ్లీషులో వాక్యాలు చిన్నవే, బొమ్మ తోడుంటుంది, తెలుగు మీడియం పిల్లలూ కూడబలుక్కుని చదవగలరు. బడి లైబ్రరీ అల్మారా తాళాలు హెడ్మాస్టర్ గదిలో కాకుండా పిల్లలే ఎన్నుకున్న ఇద్దరి దగ్గర ఉంచాలి. పుస్తకం చిరిగితే జరిమానా వెయ్యకూడదు. పదిమంది చదివిన బొమ్మల పుస్తకం చిరుగుతుంది, చిరిగినదాని బదులు మళ్లీ కొనడానికే ఆ 8 పైసలు వసూలు చేస్తున్నది.