మన లాన్ పచ్చగా.. బే అడుగు నల్లగా!

వేసవి వచ్చిందంటే మేరీలాండ్, వర్జీనియాల్లో ఉండే మన తెలుగువాళ్లలో చాలామందికి చెసాపీక్ బే గుర్తొస్తుంది. వీకెండ్‌లో బ్లూ క్రాబ్స్ తెచ్చుకుని, మసాలా దట్టించి పీతల కూర వండుకుంటే గోదావరి జిల్లాలో కూర్చుని తిన్నట్టే ఉంటుంది. కానీ ఆ పీత ఏం తిని పెరుగుతోందో మనం ఎప్పుడైనా ఆలోచించామా?

బే అడుగున బురదలో గుల్లలు, రకరకాల పురుగులు ఉంటాయి. పీతలకు, చేపలకు అవే తిండి. మరి వాటికి తిండి? పైనుంచి రాలిపడే చచ్చిన నాచు, ఆకుల తుక్కు. అంటే బురదలో కలిసే సేంద్రియ పదార్థమే అక్కడ అన్నం. అది లేకపోతే బతుకు లేదు. మరీ ఎక్కువైనా బతుకు లేదు. అతి సర్వత్ర వర్జయేత్ అని మన పెద్దలు ఊరికే అనలేదు.

నత్రజని, భాస్వరం వానతో కొట్టుకుపోయి బేలో పడితే నాచు విపరీతంగా పెరుగుతుంది. చచ్చి అడుగుకు చేరుతుంది. దాన్ని కుళ్లబెట్టే బాక్టీరియా నీటిలోని ఆక్సిజన్‌ని పీల్చేస్తుంది. బురద నల్లబడి కుళ్లిన గుడ్ల వాసన కొడుతుంది. చేపలు, పీతలు ఈదుకుంటూ పారిపోగలవు. కదల్లేని గుల్లలు ఎక్కడికి పోతాయి? ముందు పెద్దవి, లోతుగా బొరియలు చేసేవి పోతాయి. చివరికి దేన్నైనా తట్టుకునే చిన్న పురుగులే మిగులుతాయి. అదీ లేకపోతే ఏమీ మిగలదు. ఈ వరసను పియర్సన్, రోజెన్‌బర్గ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1978లోనే వివరించారు.

ఇందులో మన తప్పేముంది, పొలాల నుంచి వచ్చేదే ఎక్కువ కదా అంటారు కొందరు. నిజమే, పెద్ద వాటా వ్యవసాయానిదే. కానీ మన చేతిలో ఉన్నది మన లాన్. మేం కూడా ఇల్లు కొన్న కొత్తలో పక్కింటివాళ్లతో పోటీపడి వసంతంలో రెండేసి సార్లు ఎరువు చల్లినవాళ్లమే. ఆ మర్నాడే వాన! ఆ ఎరువు ఎక్కడికి పోయిందో అప్పట్లో మాకు తట్టలేదు.

2010లో కేంద్ర ప్రభుత్వం బేలోకి చేరే కాలుష్యానికి పరిమితులు విధించి, 2025 గడువు పెట్టింది. గడువు వచ్చింది, లక్ష్యం మాత్రం పూర్తిగా నెరవేరలేదు. మేరీలాండ్‌లో 2011 చట్టం ప్రకారం నవంబరు మధ్య నుంచి మార్చి 1 వరకు ఇంటి లాన్‌కి ఎరువు వేయకూడదు. ఈ సంగతి మనలో ఎంతమందికి తెలుసు?

ఆశ లేకపోలేదు. స్వీడన్‌లో ఒక కాగితపు గుజ్జు మిల్లు 1966లో మూతపడ్డాక, అక్కడి సముద్రపు అడుగున జీవాలు కొన్నేళ్లలోనే తిరిగొచ్చాయి. మనం ఆపితే బురద కోలుకుంటుంది.

చేయాల్సింది కొండంత పనేం కాదు. మట్టి పరీక్ష చేయించాకే ఎరువు కొందాం. వాన కబురుంటే చల్లొద్దు. కోసిన గడ్డిని లాన్ మీదే వదిలేద్దాం, అదే ఎరువు. మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించే ఫెస్క్యూ గడ్డికి వసంతంలో కన్నా సెప్టెంబరు, అక్టోబరుల్లో వేసే ఎరువే మేలు. ఎరువుల సీజన్ మొదలయ్యేది సరిగ్గా ఉగాది రోజుల్లోనే కాబట్టి, మన తెలుగు సంఘాలు ఉగాది సభలో ఒక్క ఐదు నిమిషాలు దీనికి కేటాయిస్తే బాగుంటుంది.

పీతల కూర మన పిల్లలూ తినాలి కదా!