పాత మోటారు సైకిలు: బాగుచేయించాలా, పాతసామాన్ల కొట్టుకు వెయ్యాలా?

సత్తెనపల్లి చుట్టుపక్కల ఊళ్ళలో, పశువుల పాకలోనో పత్తి నిలవచేసే కొట్టంలోనో గోనెపట్టా కప్పుకుని నిలబడ్డ పాత జావానో, ఎజ్డీనో, రాజ్‌దూతో మీలో చాలామంది చూసేవుంటారు. ఒకప్పుడు దానిమీద మిరపకాయల టిక్కీలు వెళ్ళాయి, పురుగుమందు డబ్బాలు వచ్చాయి, కొన్ని ఇళ్ళల్లో కొత్త పెళ్ళికూతురు కూడా వచ్చింది. ఇప్పుడు ఏడాదికొకసారి ఇంట్లో దానిమీద తగువు జరుగుతుంది. "కాస్త బాగుచేయిస్తే గుర్రంలా పరుగెత్తుతుంది" అంటాడు తాతయ్య. "కిలోల లెక్కన అమ్మేద్దాం, చోటైనా మిగులుతుంది" అంటాడు నాన్న. ఇద్దరిలో ఎవరూ బండిని విప్పి చూడలేదు, దేన్నీ కొలవలేదు. నా అభ్యంతరం అక్కడే.

బండి తయారైన సంవత్సరం చూసి అది పనికిరాదని తేల్చడం సరికాదు. ఏ భాగం ఎంత అరిగిందో చూడాలి. అలా చూడాలంటే ఆ ఇంజను ఎలా పనిచేస్తుందో కొంచెం తెలియాలి.

మిరపచేలో మందు కొట్టే పవర్ స్ప్రేయర్లు చాలావాటికి పెట్రోల్లో ఆయిలు కలిపి పోస్తారు కదా? పాత జావా ఇంజను కూడా ఆ జాతిదే. దీన్ని టూ స్ట్రోక్ ఇంజను అంటారు. ఇందులో వాల్వులు వుండవు. పిస్టన్ పైకీ కిందికీ కదులుతూ సిలిండరు గోడకున్న రంధ్రాలను తానే మూస్తూ, తెరుస్తూ వుంటుంది. పెట్రోలూ గాలీ కలిసిన మిశ్రమం ముందు కింద వున్న క్రాంక్ పెట్టెలోకి వచ్చి, అక్కణ్ణుంచి పైకి వెళుతుంది. కాబట్టి ఆ పెట్టెకు గాలి చొరబడే సందు వుండకూడదు. ఏళ్ళ తరబడి కదలకుండా నిలబడ్డ బండిలో రబ్బరు సీళ్ళు గట్టిపడి పగులుతాయి. క్లచ్ వైపు సీలు పాడైతే అక్కడి ఆయిలు లోపలికి పీల్చుకుని బండి పొగలు కక్కుతుంది. చూసినవాళ్ళు "ఇంజను పోయింది" అంటారు. పోయింది సీలు మాత్రమే!

ఇలాంటిదే మరొకటి వుంది. ఆయిలు కాలగా మిగిలిన మసి సైలెన్సరులో పేరుకుంటుంది. పొగకు దారి మూసుకుపోతే బండికి ఎత్తు ఎక్కే బలం వుండదు. దాన్ని విప్పి శుభ్రం చేయడానికి అయ్యే ఖర్చు కొద్దిపాటిదే. ఈ రెండూ చూడకుండా బండిని తూకానికి వెయ్యడం, జలుబు చేసినవాణ్ణి శ్మశానానికి మోసుకెళ్ళడం లాంటిది.

అసలు అరుగుదల సిలిండరులో వుంటుంది. మన పల్నాడు ఎండాకాలపు దుమ్ములో సన్నని ఇసుక రేణువులు వుంటాయి. గాలి వడపోసే ఫిల్టరు చిరిగితే ఆ రేణువులు పిస్టనుకూ సిలిండరుకూ మధ్య చేరి ఆకురాయిలా రాస్తాయి. లేతు షెడ్డులో బోరు గేజి పెట్టి సిలిండరును పైన, మధ్యలో, కింద, అడ్డంగా ఒకసారీ నిలువుగా ఒకసారీ కొలుస్తారు. కొలతలు ఒకదానితో ఒకటి కలవకపోతే గుండ్రని సిలిండరు కోలగా మారిందన్నమాట. అప్పుడు రీబోరు చేసి, ఒక సైజు పెద్ద పిస్టను వేస్తారు. మీరూ ఒక లెక్క వెయ్యండి. పాత జావా 250లో సిలిండరు వ్యాసం 65 మిల్లీమీటర్లు, పిస్టను నడిచే దూరం 75. వ్యాసార్థం వర్గాన్ని 22/7తోనూ 75తోనూ హెచ్చవేస్తే దాదాపు 249 ఘన సెంటీమీటర్లు వస్తుంది. వ్యాసాన్ని 66 చేస్తే అది 257 అవుతుంది. అయితే గోడ చుట్టూ అర మిల్లీమీటరు పలచబడింది. కాబట్టి రీబోరు ఎన్నిసార్లయినా చేసే పని కాదు.

తరువాత కనెక్టింగ్ రాడ్డును పట్టుకుని పైకీ కిందికీ లాగాలి. పక్కలకు కాస్త కదిలితే ఫరవాలేదు. నిలువుగా లూజు వుంటే బేరింగు అరిగింది. దాన్ని మార్చాలంటే క్రాంకును ప్రెస్సు కింద పెట్టి విడదీసి, మళ్ళీ తిన్నగా కూర్చాలి. ఇది అందరు మెకానిక్కులకూ చేతనయ్యే పని కాదు. చివరిగా ఫ్రేము. టిక్కీలు మోసిన బండికి వెనక అతుకుల దగ్గర బీటలు వుండవచ్చు. బురద పట్టేసిన చోట తుప్పు తినేసి వుండవచ్చు. ఫ్రేమూ, క్రాంక్ పెట్టే బాగుంటే తక్కినవి బాగుచేయవచ్చు. ఆ రెండూ పగిలివుంటే నేను నాన్న పక్షమే. (పెట్రోలు ట్యాంకు విప్పేటప్పుడు పెద్దవాళ్ళు పక్కన వుండాలి, దీపం, బీడీ దగ్గరకు రాకూడదు.)

విడిభాగాల సంగతి కూడా చూసుకోవాలి. మైసూరులోని ఐడియల్ జావా కంపెనీ 1961లో ఈ బండ్ల తయారీ మొదలుపెట్టింది, 1973 నుంచి ఎజ్డీ పేరుతో అమ్మింది, 1996లో మూతపడింది. 2018లో జావా పేరు మళ్ళీ వచ్చింది గాని ఆ కొత్త ఇంజను ఫోర్ స్ట్రోక్‌ది. దాని పిస్టను దీనికి పట్టదు.

ఇంజను బాగుందనే అనుకుందాం. అప్పుడు అడగవలసింది, బండి ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుందని. తాతయ్య ఈ ప్రశ్న వెయ్యడు. స్కాట్లండులో కొండరాళ్ళ మీద కాలు నేలకు ఆనించకుండా నడిపే ట్రయల్స్ పోటీలున్నాయి. 1965కు ముందటి నమూనా బండ్లకు అక్కడ ప్రత్యేక పోటీ కూడా వుంది. కానీ ఆ బండ్లమీద ఎవరూ రోజూ పనికి వెళ్ళరు.

మోటు లెక్క ఒకటి చూద్దాం. ఒక టన్ను ఉక్కు తయారీలో సుమారు 2 టన్నుల కార్బన్ డై ఆక్సైడు వెలువడుతుంది. 110 కిలోల కొత్త బండి అంతా ఉక్కే అనుకుంటే 220 కిలోలు. తక్కిన లోహాలు, ఫ్యాక్టరీ పనులు కలిపి రెట్టింపు, 450 అనుకుందాం. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోలు వస్తుంది. పాత బండి లీటరుకు 30 కిలోమీటర్లు, కొత్తది 60 ఇస్తుందనుకుంటే, కొత్త బండి తన తయారీ బాకీ తీర్చడానికి 11,700 కిలోమీటర్లు నడవాలి. పల్లె నుంచి సత్తెనపల్లికి రోజూ 30 కిలోమీటర్లు తిరిగేవాళ్ళకు అది పదమూడు నెలల పని. ఏడాదికి 500 కిలోమీటర్లు తిరిగే తాతయ్యకు 23 ఏళ్ళు!

పైగా టూ స్ట్రోక్ ఇంజనులో కొంత పెట్రోలు కాలకుండానే పొగతోపాటు బయటికి పోతుంది. ఆ పొగను రోజూ బజారులో వదలడాన్ని నేను ఒప్పుకోను. అందుకని నా తీర్పు ఇది: రోజువారీ పనికైతే వద్దు, పండగకూ పబ్బానికీ తియ్యడానికైతే, ఫ్రేమూ క్రాంక్ పెట్టే గట్టిగా వుంటే, బాగుచేయించండి. ఇప్పుడు బంకుల్లో పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాలు కలుస్తున్నది కాబట్టి పాత రబ్బరు గొట్టాలు తప్పక మార్చాలి. కాగితాలు కూడా చూడాలి. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది, తరువాత అయిదేళ్ళకొకసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. 50 ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా వున్న బండ్లకు 2021లో వింటేజి నిబంధనలు వచ్చాయి. ఆ రిజిస్ట్రేషన్‌తో రోజువారీ తిరుగుడు కుదరదు.

బాగుచేయించడం కుదరదని తేలితే, తూకానికి వేసేముందు సిలిండరూ పిస్టనూ విప్పి మీ బడికి ఇవ్వండి. నిలువునా కోస్తే పిస్టను ఏ రంధ్రాన్ని ఎప్పుడు మూస్తుందో తరగతి అంతా చూడవచ్చు. పోత ఇనుమును హాక్సా బ్లేడు కోస్తుంది, కాకపోతే ఒక ఆదివారమంతా పడుతుంది.