ఓటు వేశాం... అది లెక్కలోకి వచ్చిందా?

ఎన్నికల ఫలితాలు వెలువడిన ప్రతిసారీ మన మొహల్లాల్లో, చాయ్ హోటళ్లలో ఒక మాట వినిపిస్తూనే ఉంటుంది. మిషన్లు వద్దు, పాత కాగితం బ్యాలెట్టే మేలు, అప్పుడే వేసిన ఓటు వేసినవారికి పడుతుంది అని. ఓడిన నాయకులూ ఇదే అంటారు. గెలిచిన నాడు మాత్రం వారికి ఈ సంగతి గుర్తు రాదు. యంత్రాన్ని అనుమానించడం తప్పని మేము అనము. అయితే కాగితం మీద ఇంత భరోసా పెట్టుకున్నవారు 2020 డిసెంబరులో హైదరాబాదు నగర పాలక సంస్థ ఎన్నికల్లో ఏమి జరిగిందో ఒకసారి జ్ఞాపకం చేసుకోవాలి. ఆ ఎన్నికలు జరిగింది కాగితం బ్యాలెట్ మీదనే.

డిసెంబరు 1న పాత మలక్‌పేట డివిజన్‌లో పోలింగ్ మొదలైన తరువాత ఒక పొరపాటు బయటపడింది. బ్యాలెట్ మీద సీపీఐ అభ్యర్థి పేరు పక్కన ఆ పార్టీ గుర్తు కంకి కొడవలికి బదులు సీపీఎం గుర్తు సుత్తి కొడవలి నక్షత్రం అచ్చయింది. రెండింటిలోనూ కొడవలి ఉన్నది, అచ్చు సరిచూసినవారి కంటికి తేడా ఆనలేదేమో! పోలింగ్ ఆపివేశారు. డిసెంబరు 3న ఆ డివిజన్ అంతటా మళ్లీ జరిపారు. పని మానుకుని వరుసలో నిలబడి ఓటు వేసి వచ్చినవారి శ్రమంతా వృథా అయింది. దొంగ ఓటు లేదు, రిగ్గింగు లేదు, ఒక చిన్న బొమ్మ తప్పు అచ్చయింది, అంతే.

రెండవది దీనికన్నా చిక్కుది. కాగితం మీద ఓటు వేయడానికి ఇచ్చే రబ్బరు ముద్రను జనం స్వస్తిక్ ముద్ర అంటారు, చూస్తే బాణాలు నాలుగు వైపులకు తిరిగినట్లు ఉంటుంది. ఆ ఆకారం ఊరికే పెట్టింది కాదు. సిరా ఆరకముందే కాగితం మడిస్తే ముద్ర అవతలి గుర్తు మీద కూడా అంటుకుంటుంది. మామూలు గుండ్రటి ముద్ర అయితే ఏది వేసినదో ఏది అంటినదో తేల్చడం కష్టం. ఈ ముద్ర అంటినచోట అద్దంలో చూసినట్లు తిరగబడుతుంది కనుక అసలు ఓటు ఏదో ఇట్టే తెలిసిపోతుంది. ఎవరు ఆలోచించారో గాని మంచి ఆలోచన. ఇది కాక పోలింగ్ కేంద్రాన్ని తెలిపే ముద్ర ఇంకొకటి ఉంటుంది. అది బ్యాలెట్ వెనుక సిబ్బంది వేసేది.

2020లో కొన్ని కేంద్రాలలో ఓటర్ల చేతికి ఈ రెండవ ముద్ర వెళ్లింది. సిబ్బంది ఇచ్చారు, ఓటర్లు వేశారు. లెక్కింపుకు ముందు రాత్రి, అంటే డిసెంబరు 3 రాత్రి, రాష్ట్ర ఎన్నికల సంఘం ఒక ఉత్తర్వు ఇచ్చింది. వేరే ముద్ర ఉన్నా ఓటరు ఉద్దేశం స్పష్టంగా ఉంటే లెక్కించండి అని. మరునాడు హైకోర్టు దానిని నిలిపివేసింది. నేరేడ్‌మెట్‌లో అటువంటి ఓట్లు ముందున్న అభ్యర్థి ఆధిక్యం కన్నా ఎక్కువగా తేలడంతో ఫలితమే ఆగిపోయింది. చివరకు కోర్టు అనుమతితో ఆ ఓట్లు కూడా లెక్కించి డిసెంబరు 9న ఫలితం ప్రకటించారు. ముందున్నవారే గెలిచారు.

ఇక్కడ న్యాయం ఎవరి వైపు? ఉర్దూలో మనం నియ్యత్ అంటాము. ఓటరు నియ్యత్ ఆ కాగితం మీద స్పష్టంగానే ఉన్నది. తప్పు ముద్ర ఇచ్చినవారిది. పార్లమెంటు, శాసనసభ ఎన్నికలకు వర్తించే 1961 నాటి నియమాలలో ఇటువంటి దయ కొంత ఉన్నది. బ్యాలెట్ వెనుక కేంద్రం ముద్ర, ప్రిసైడింగ్ అధికారి సంతకం లేకపోయినా అది సిబ్బంది పొరపాటు వల్లనే అని తేలితే ఆ ఓటును తోసివేయరాదు. ముద్ర మసకగా పడినా ఉద్దేశం తెలిస్తే చాలు. కాని ఓటు వేయడానికి ఇచ్చిన సాధనంతో కాక వేరే దానితో వేస్తే చెల్లదు. సంఘం ఉత్తర్వులోని మాట సబబైనదే, వచ్చిన వేళ సబబైనది కాదు. పెట్టెలకు సీళ్లు పడ్డాక, తెల్లవారితే లెక్కింపు అనగా నియమం మారిస్తే, ఎంత మంచి నియమమైనా ఎవరికో లాభం చేయడానికి మార్చారనే అంటారు. అన్నారు కూడా.

ఇదే తగాదా 2000 సంవత్సరంలో అమెరికాకు అధ్యక్షుడెవరో తేల్చింది. ఫ్లోరిడా రాష్ట్రంలోని పామ్ బీచ్ కౌంటీలో అభ్యర్థులు ఎక్కువయ్యారు. అక్కడ వృద్ధులు ఎక్కువ. వారికి కనిపించాలని ఎన్నికల అధికారిణి అక్షరాల సైజు పెంచారు. దానితో పేర్లు ఒక పేజీలో పట్టక రెండు వైపులా పరుచుకున్నాయి, మధ్యలో రంధ్రాలు. ఎడమ వరుసలో రెండవ పేరు అల్ గోర్‌ది, కాని ఆయన రంధ్రం మూడవది. రెండవ రంధ్రం కుడివైపు మొదటి పేరైన పాట్ బుకానన్‌ది. ఆయనకు ఆ కౌంటీలో 3,400కు పైగా ఓట్లు వచ్చిపడ్డాయి. అవి తనవి కాకపోవచ్చునని ఆయనే ఒప్పుకున్నాడు. అదే కౌంటీలో తపాలా ద్వారా ఓటు వేసినవారి బ్యాలెట్ ఇలా రెండు వైపులా లేదు, వారిలో ఆయనకు పడిన వాటా చాలా తక్కువ. ఇంకో 19 వేలకు పైగా బ్యాలెట్లు రెండు రంధ్రాలు పొడిచినందున చెల్లకుండా పోయాయి. రాష్ట్రం మొత్తం మీద బుష్ ఆధిక్యం 537 ఓట్లు. తిరిగి లెక్కిద్దామంటే, సగం ఊడి వేలాడే కాగితం ముక్కను ఓటుగా పరిగణించాలా అనే దానిపై ఒక్కో కౌంటీది ఒక్కో పద్ధతి. ఒకే కొలత లేదనే కారణంతో డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఆ లెక్కింపును ఆపింది. మేలు చేయబోయి పెంచిన అక్షరాలు ఎంత పని చేశాయో చూడండి. ఆ అధ్యక్షుని కాలంలోనే 2003లో ఇరాక్‌పై దాడి జరిగింది. గోర్ వచ్చి ఉంటే ఏమి చేసేవాడో ఎవరూ చెప్పలేరు గాని, మన ఇళ్లలో చాలామంది ఆ లెక్క వేసుకున్నారు.

మన యంత్రాల మీద సిరా అంటుకోదు, ఓటు చెల్లకుండా పోదు. కాని గుర్తుల గందరగోళం అక్కడా ఉన్నది. 2020లో దుబ్బాక ఉప ఎన్నికలో కారు గుర్తు అభ్యర్థి 1,079 ఓట్లతో ఓడిపోగా, చపాతీ కర్ర పీట గుర్తు పొందిన స్వతంత్రునికి మూడు వేలకు పైగా వచ్చాయి. అవన్నీ కారువే అనలేము. ఓడిన పార్టీ మాత్రం అలాగే అన్నది. ఒకే పేరున్న అభ్యర్థుల బెడద తగ్గించడానికి 2015 నుంచి బ్యాలెట్ మీద ఫోటోలు వేస్తున్నారు. 2025 సెప్టెంబరులో ఎన్నికల సంఘం ఆ ఫోటోలు రంగుల్లో ఉండాలని, ముఖం పెద్దదిగా కనిపించాలని, వరుస సంఖ్యలు పెద్ద అక్షరాల్లో అచ్చు వేయాలని ఆదేశించి బీహారుతో మొదలుపెట్టింది. ఇది మంచి పని.

లెక్క సరిచూసే విషయంలో మాత్రం మాకు తృప్తి లేదు. వీవీప్యాట్ చీటీలను ప్రతి శాసనసభ నియోజకవర్గానికి ఐదు కేంద్రాలలోనే లెక్కిస్తారు. 2019లో సుప్రీంకోర్టు చెప్పిన సంఖ్య అది. అన్నీ లెక్కించాలన్న వినతిని 2024 ఏప్రిల్ 26న కోర్టు తిరస్కరించింది. రెండవ, మూడవ స్థానాల్లోని అభ్యర్థులు కోరితే నూటికి ఐదు యంత్రాల మెమరీని తనిఖీ చేయించవచ్చునన్నది, ఖర్చు వారిదే. ఆధిక్యం బాగా తక్కువగా ఉన్నచోటనైనా చీటీలన్నీ లెక్కిస్తే పోయేదేముంది? ఒక పూట ఆలస్యం.

ఈ లోగా మన చేతిలో ఉన్నవి రెండు మూడున్నాయి. పోలింగ్ ముగిశాక ఎన్ని ఓట్లు పడ్డాయో రాసే ఫారం 17సీ నకలు ఏజెంట్లకు ఇస్తారు. మన కుర్రవాళ్లు ఏజెంట్లుగా కూర్చుంటారు గాని, చాలామంది ఆ కాగితం తీసుకోకుండానే ఇంటికి వచ్చేస్తారు. లెక్కింపు రోజున సరిపోల్చడానికి అదే ఆధారం. వీవీప్యాట్ అద్దంలో చీటీ ఏడు సెకన్లు కనబడుతుంది. తొందరపడి బయటకు రాకుండా గుర్తు సరిగా ఉందో లేదో చూడాలి. అలాగని వేరే గుర్తు వచ్చిందని వట్టిగా ఫిర్యాదు చేయకూడదు. పరీక్షలో అబద్ధమని తేలితే శిక్ష ఉన్నది.

మా వీధిలో ఒక ఖాలాజాన్ ఉన్నారు. ఉర్దూ చక్కగా చదువుతారు, తెలుగు అక్షరం రాదు. ఆమెకు బ్యాలెట్ అంటే బొమ్మలే. ఎన్నికకు రెండు రోజుల ముందు నమూనా కాగితం తెచ్చి ముందు పెడితే, కళ్లజోడు సర్దుకుని వరుసగా వేలు పెట్టి లెక్కపెట్టుకుంటారు. "పైనుంచి నాలుగోది కదా బేటా, లోపల కూడా ఇదే వరుసలో ఉంటాయా?" అని అడిగి, ఉంటాయని మేము చెప్పినా నమ్మక, పోలింగ్ రోజు పొద్దున్నే కేంద్రం బయట అంటించిన జాబితా దగ్గరకు మనవడిని వెంటబెట్టుకుని వెళ్లి చూసుకుని గాని లోపలికి వెళ్లరు.