ఆవృత్తిలోని విద్య

ఒకే దెబ్బ గంటసేపు మ్రోగుచుండగా అందు వినవలసిన దేమున్నదని మినిమల్ టెక్నో అను ఎలక్ట్రానిక్ నృత్యసంగీతమును తీసిపారవేయువారు పెక్కుమంది గలరు. వారి విసుగు నాకర్థమగును గాని, వారి తీర్పు నంగీకరింపజాలను. ఏలయన, రాగము, సాహిత్యము, గాయకుని కంఠము అను ఆకర్షణల నన్నింటిని తొలగించిన పిదప మిగులు ఆ లయయందు, డీజే నేర్పును, పొరపాటును దాగుటకు చోటులేక బయటపడును.

అమెరికాలోని డెట్రాయిట్ నగరమున రాబర్ట్ హుడ్ 1994లో 'మినిమల్ నేషన్' అను రికార్డును వెలువరించి ఈ మితత్వమునకు దారి చూపెను. ఆ నగరమునకు నది కావలియొడ్డున, కెనడాలోని విండ్సర్ ప్రాంతమున పెరిగిన రిచీ హాటిన్, 1999లో వెలువడిన 'డెక్స్, ఈఎఫ్ఎక్స్ అండ్ 909' అను మిక్స్‌లో, టర్న్‌టేబుళ్లు, ఎఫెక్ట్ యంత్రములు, రోలాండ్ 909 డ్రమ్ మెషీన్ మాత్రమే ప్రధాన సాధనములుగా, రమారమి గంట నిడివిలో 38 రచనలను, ఎచ్చట నొకటి ముగిసి వేఱొకటి మొదలైనదో చెప్పుట చెవికి దుష్కరమగునట్లు కలిపెను.

అందలి కష్టమెంతటిదో తెలియుటకు ఒక్క లెక్క చాలును. నిమిషమునకు 130 దెబ్బలతో నడచు రికార్డుపైకి 131 దెబ్బల రికార్డును వదలినచో, రెండును ఒక్కమారే మొదలైనను, 15 సెకన్లలో పావు దెబ్బ ఎడమేర్పడి కిక్ డ్రమ్ములు తడబడును. కనుక డీజే ఒక చెవికి హెడ్‌ఫోన్ ఆనించి రాబోవు రికార్డును, రెండవ చెవితో హాలులో మ్రోగుచున్నదానిని వినుచు, పిచ్ మీటను వెంట్రుకవాసి జరుపుచు, తిరుగు పళ్లెము అంచును వ్రేలికొనతో తాకి నెమ్మదింపజేయుచు, ఆ రెండు లయలను ఏకముగా నిలుపును. అంతట పాతదాని బేస్ తగ్గించి క్రొత్తదాని బేస్ లేపిన క్షణమున, దెబ్బ మారకయే కాలి క్రింది నేల మారినట్లు దేహమునకు తోచును.

మన సభలలో పల్లవి నొక్కదానినే మరల మరల పాడుచు విద్వాంసుడు సంగతిపై సంగతి వేయుచుండగా విసుగుకొనని శ్రోతకు, ఇచ్చట పదునాఱు ఆవృత్తముల పిదప సన్నని హైహాట్ తాళధ్వని వచ్చి చేరుట వినబడకపోదు. ఆవృత్తి వలన చెవి నిశితమగును; మార్పు అల్పమైనకొలది దాని బరువు పెరుగును.

నేడు వేగమును కంప్యూటరే సరిచేయును గదా యందురు. నిజమే. హాటినే 2001 నాటి మిక్స్‌లో నూటికి పైగా రచనలను కంప్యూటరుపై తునుకలు చేసి కూర్చెను. కాని ఏ తునుకను ఎప్పుడు తేవలెనో, ఎంతసేపు ఓర్చి ఆపవలెనో యంత్రము చెప్పజాలదు.

కావున పాఠకులు ఆ 1999 మిక్స్‌ను, నడుమ దాటవేయక, ఆసాంతము ఒక్కసారి వినవలెనని నా విన్నపము. ఫోను స్పీకరుపై మాత్రము వినవలదు; అందు బేస్ వినబడనే వినబడదు.