డిలీటెడ్ అంటాడు, ఎవరు చేశారో చెప్పడు

మైక్రోసాఫ్ట్ యాక్సెస్ చెప్పే అబద్ధాల్లోకెల్లా పెద్దది ఒకే ఒక్క మాట: '#డిలీటెడ్'. ఎస్క్యూఎల్ సర్వర్‌లో ఉన్న టేబుల్‌ని ఓడీబీసీతో లింకు చేసి తెరవగానే పైనుంచి కిందిదాకా, ప్రతి వరసలో, ప్రతి గడిలో ఇదే మాట. సరే ఏం పోయిందో చూద్దామని సర్వర్‌లోకెళ్ళి సెలెక్ట్ కొడితే అన్నీ నిక్షేపంగా ఉంటాయి. ఒక్క వరస కూడా పోలేదు. ఎవరూ ఏదీ చెరపలేదు.

"యాక్సెస్సా? ఇంకా వాడుతున్నారా?" అని మూతి విరిచే మిత్రులకి ముందే చెబుతున్నా. వాడుతున్నారు బాబూ. మీ కంపెనీలోనే అకౌంట్సు వాళ్ళ షేర్డ్ డ్రైవ్ ఓసారి తెరిచి చూడండి, కనీసం రెండు ఫైళ్ళు తగలకపోతే అడగండి.

అసలు సంగతేంటంటే, లింకు చేసిన టేబుల్‌ని తెరిచినప్పుడు యాక్సెస్ డేటా మొత్తం ఒక్కసారే తెచ్చుకోదు. ముందు కీ విలువలు మాత్రం తెచ్చి దగ్గర పెట్టుకుంటుంది. తర్వాత స్క్రీను మీద కనపడాల్సిన వరసల కోసం ఆ కీలు పట్టుకుని, పదేసి చొప్పున, మళ్ళీ సర్వర్‌ని అడుగుతుంది. ఆలోచన మంచిదే, నెట్‌వర్క్ మీద బరువు తగ్గుతుంది. కానీ రెండోసారి అడిగినప్పుడు "ఈ కీతో నా దగ్గరేం లేదు" అని జవాబొస్తే? ఈలోపు ఎవరో చెరిపేసి ఉంటారని దొరగారు తీర్మానించేస్తారు. చిరునామా తనే తప్పు రాసుకుని, వెళ్ళి తలుపు కొట్టి, అలాంటివాళ్ళెవరూ లేరనగానే కవరు మీద 'ఆసామీ కాలం చేశాడు' అని రాసి తిప్పి పంపే పోస్ట్‌మ్యాన్‌ని ఏమంటాం?

చిరునామా ఎందుకు తప్పుతుందయ్యా అంటే, చాలాసార్లు కీ కాలమ్ టైపు వల్ల. సర్వర్‌లో బిగ్‌ఇంట్ అయితే పాత యాక్సెస్‌లు దాన్ని టెక్స్ట్‌గా చూస్తాయి. యాక్సెస్ 2016తో లార్జ్ నంబర్ అనే టైపు వచ్చింది గానీ, లింకు టేబుళ్ళకి దాన్ని వాడే సెట్టింగు డిఫాల్టుగా ఆఫ్‌లోనే ఉంటుంది. కీలో సెకన్ల భిన్నాలున్న డేట్‌టైమ్2 పెట్టినా, ఫ్లోట్ పెట్టినా అదే గొడవ. వెళ్ళిన విలువా తిరిగొచ్చిన విలువా ఎక్కడో చివరి అంకెలో తేడా పడతాయి.

నేను చూసిన ఓ గోదాము ఆఫీసు సంగతి చెబుతా. స్టోర్స్ చూసే పెద్దాయన రోజూ వచ్చిన సరుకు ఎంటర్ చేసేవారు. ఓ శనివారం ఎవరో "ముందుచూపు"తో ఐడీ కాలమ్‌ని ఇంట్ నుంచి బిగ్‌ఇంట్‌కి మార్చి, టేబుల్ రీలింక్ చేసి వెళ్ళిపోయారు. సోమవారం ఆయన ఓ రసీదు టైపు చేసి కింది వరసకి దిగగానే పై వరస #డిలీటెడ్ అయి కూర్చుంది. అయ్యో పోయిందనుకుని మళ్ళీ కొట్టారు. మళ్ళీ అదే. సాయంత్రానికి సర్వర్‌లో ఒక్కో రసీదు రెండేసి, మూడేసి సార్లు ఎక్కింది. కాగితం మీద సరుకు పెరిగింది, గోదాములో లేదు. మేనేజరు అడిగిన మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? "ఎందుకు డిలీట్ చేశారు?" స్క్రీను మీద రాసుంది కదా మరి! పాతికేళ్ళ సర్వీసున్న మనిషి చేతులు కట్టుకుని నిలబడి "నేనేం ముట్టుకోలేదండీ" అని చెప్పుకోవాల్సొచ్చింది.

నాకు మండేది మైక్రోసాఫ్ట్ మీద మాత్రమే కాదు, మన మీద కూడా. సపోర్ట్‌కి ఫోన్ చేస్తే వచ్చే సలహాలు చూడండి. రీస్టార్ట్ చెయ్యండి. కాంపాక్ట్ అండ్ రిపేర్ కొట్టండి. రీలింక్ చెయ్యండి (ఇక్కడ ఆ రీలింకే కొంప ముంచింది). ఇది ట్రబుల్‌షూటింగా, దిష్టి తియ్యడమా? క్వెరీ ప్రాపర్టీల్లో రికార్డ్‌సెట్ టైపుని డైనాసెట్ నుంచి స్నాప్‌షాట్‌కి మార్చి చూడటానికి అర నిమిషం పట్టదు. స్నాప్‌షాట్ కీలతో పని లేకుండా వరసలన్నీ నేరుగా తెస్తుంది. అందులో డేటా కనపడిందంటే దోషం కీదేనని తేలిపోయినట్టే. ఆ అర నిమిషం పెట్టే ఓపిక లేదు గానీ, "యూజర్ ఏదో నొక్కేసుంటాడు" అని టికెట్‌లో రాయడానికి మాత్రం చెయ్యొస్తుంది.

కనీసం #డిలీటెడ్ చూస్తే ఏదో తేడా ఉందని తెలుస్తుంది. వ్యూని లింకు చేసినప్పుడు ప్రత్యేకమైన కాలమ్ ఏదో చెప్పమని యాక్సెస్ అడుగుతుంది. మనవాళ్ళు తోచింది టిక్ పెట్టి ఓకే కొడతారు. ఆ కాలమ్‌లో విలువలు రిపీటయ్యాయా, వేరువేరు వరసలుండాల్సిన చోట ఒకే వరస రెండు మూడుసార్లు కనిపిస్తుంది. ఎర్రరు లేదు, హెచ్చరిక లేదు. ఆ స్క్రీను చూసి ఎవరో బిల్లులు పాస్ చేసేస్తుంటారు.

ఇంకో వింత. తెలుగు పేర్లని ముందు ఎన్ అక్షరం పెట్టకుండా ఇన్సర్ట్ చేస్తే, యూటీఎఫ్-8 కొలేషన్ లేని డేటాబేసులో అవి '????' అయిపోతాయి. అది చూసి అందరూ "ఫాంట్ ప్రాబ్లమ్ లెండి, తర్వాత చూద్దాం" అంటారు. నిజానికి అక్కడ డేటా శాశ్వతంగా పోయింది, ఏ ఫాంటూ తిరిగి తేలేదు. నిజంగా పోయినచోట నిమ్మళంగా ఉంటాం, ఏమీ పోనిచోట పెద్దాయన్ని నిలబెట్టి నిలదీస్తాం.

గోదాము టేబుల్ని మళ్ళీ ఇంట్‌కే మార్చాం. ఇంట్‌లో 214 కోట్ల దాకా ఐడీలు పడతాయి. వాళ్ళకొచ్చేది రోజుకి నలభై రసీదులు. డబుల్ పడ్డవి ఏరడానికి రెండు రోజులు పట్టింది, ఏరింది కూడా ఆ పెద్దాయనే, కాగితం రసీదులు ముందేసుకుని. బిగ్‌ఇంట్ చేసినవాళ్ళని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.