వంటింటి పొయ్యి: మన చేతిలోని అమానతు

ఇంట్లో అందరికంటే ముందు మేల్కొనేది వంటింటి పొయ్యి. రాత్రి అందరికంటే చివర విశ్రమించేదీ అదే. రంజాన్ నెలలోనైతే సహరీకి ముందే వెలిగి, ఇఫ్తార్ ముగిసి తరావీహ్ వేళ అయ్యే వరకూ దానికి తీరిక ఉండదు. ఇంటిల్లిపాది ఆకలి తీర్చే ఈ సాధనం మనకు గుర్తుకు వచ్చేది మాత్రం అది మొరాయించిన నాడే. మంట పసుపుపచ్చగా మారినా, గిన్నెల అడుగులకు మసి పట్టినా, మీట బిగుసుకుపోయినా మరో నాలుగు రోజులు చూద్దామని నెట్టుకువస్తూ ఉంటాము. ఆ నాలుగు రోజులు నాలుగు నెలలవుతాయి. ఈ మాసం ఈ శీర్షికలో గ్యాస్ పొయ్యి శుభ్రత గురించీ, సంరక్షణ గురించీ వివరంగా చెప్పుకుందాము.

నిప్పు: ఒక వరం, ఒక హెచ్చరిక

దివ్య ఖుర్ఆన్‌లోని అల్ వాఖిఅహ్ సూరా 71 నుండి 73 వరకు గల ఆయతులలో, మనం రాజేసే నిప్పు గురించి ఆలోచించమని అల్లాహ్ మానవులను అడుగుతున్నాడు. దానికి ఆధారమైన చెట్టును సృష్టించినది మీరా, మేమా అని ప్రశ్నిస్తున్నాడు. ఆ నిప్పును ఒక జ్ఞాపికగానూ, అవసరం గలవారికి జీవన సాధనంగానూ చేసినట్లు తెలియజేస్తున్నాడు. అంటే పొయ్యి మీద మంట కేవలం మనం డబ్బు పెట్టి కొనుక్కున్న సరుకు కాదు. అది ఒక అనుగ్రహం. అనుగ్రహానికి కృతజ్ఞత నాలుకతో చెప్పే మాటతోనే పూర్తికాదు. దానిని సక్రమంగా వాడుకోవడం, పాడుకాకుండా కాపాడుకోవడం కూడా కృతజ్ఞతలో భాగమే.

అదే నిప్పు విషయంలో దైవప్రవక్త ముహమ్మద్ (స) గట్టి హెచ్చరిక కూడా చేశారు. ఒక రాత్రి మదీనాలో ఒక ఇల్లు అందులోని మనుషులతో సహా కాలిపోయింది. ఆ వార్త వినగానే ఆయన (స) నిప్పు మీకు శత్రువని చెప్పి, నిద్రించే ముందు దానిని ఆర్పివేయమని ఆదేశించారు. హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనంలోనైతే దానికి కారణం కూడా కనిపిస్తుంది. ఎలుక దీపపు వత్తిని లాక్కుపోయి ఇంటివారి మీదికి నిప్పు తేగలదని ఆయన (స) వివరించారు.

నేడు మన ఇళ్లలో నూనె దీపాలు లేవు. కానీ ఎలుకలు ఉన్నాయి, అవి కొరకగలిగిన రబ్బరు గొట్టాలు ఉన్నాయి. పద్నాలుగు శతాబ్దాల క్రితం వత్తిని గురించి చేసిన హెచ్చరిక, ఈనాడు పొయ్యి వెనుక గోడవారగా వ్రేలాడే గ్యాస్ గొట్టానికి అక్షరాలా వర్తిస్తుంది.

ప్రతి రోజూ చేయవలసినది

రాత్రి వంట ముగిశాక పొయ్యి చల్లారనివ్వాలి. ముందు సిలిండర్ వద్ద రెగ్యులేటర్ కట్టివేయాలి. పొయ్యి మీటలు మాత్రమే మూసి వదిలేస్తే, రాత్రంతా గొట్టంలో గ్యాస్ నిలిచే ఉంటుంది. ఎక్కడ చిన్న చీలిక ఉన్నా అది మనం నిద్రిస్తుండగా బయటికి వస్తుంది. పడుకునే ముందు నిప్పు ఆర్పమన్న ప్రవక్త (స) ఆదేశాన్ని ఈ కాలంలో పాటించడమంటే రెగ్యులేటర్ కట్టివేయడమే.

తరువాత గిన్నెలు నిలిపే కమ్మీలను, బర్నర్ చుట్టూ ఉండే పళ్లేలను తీసి, పొయ్యి పైభాగాన్ని సబ్బునీటిలో తడిపి పిండిన గుడ్డతో తుడవాలి. ఆపై పొడిగుడ్డతో మరొకసారి తుడవాలి. కొందరు చెంబుతో నీళ్లు గుమ్మరించి కడుగుతారు. ఇది మంచి పద్ధతి కాదు. ఆ నీరు బర్నర్ గొట్టాలలోకి దిగి తుప్పుకు కారణమవుతుంది, మంటను అడ్డుకుంటుంది. అద్దం పలక పొయ్యి అయితే వేడిగా ఉన్నప్పుడు దానిపై చన్నీళ్లు పడనీయరాదు. పలక పగిలే ప్రమాదం ఉంది. పాలు పొంగినా, గంజి ఒలికినా ఆ రోజే తుడవాలి. ఎండిపోయిన పాలు బర్నర్ రంధ్రాలను గట్టిగా మూసివేస్తాయి.

వారానికొకసారి

వారంలో ఒక రోజును బర్నర్ల శుభ్రతకు కేటాయించుకోవాలి. జుమా రోజున స్నానం చేసి, మంచి దుస్తులు ధరించే అలవాటు మనకు ఉంది కనుక, దానికి ముందు రోజైన గురువారం వంటింటి వంతు అనుకుంటే మరపు రాదు.

బర్నర్లను విప్పి గోరువెచ్చని సబ్బునీటిలో అరగంట నానబెట్టాలి. ఇత్తడి బర్నర్లయితే చింతపండుతో రుద్దితే జిడ్డూ, నలుపూ రెండూ వదులుతాయి. ప్రతి రంధ్రాన్నీ సన్నని సూదితోనో, పిన్నీసుతోనో శుభ్రపరచాలి. రంధ్రం పెద్దదయ్యేలా పొడవరాదు. అగ్గిపుల్ల, పళ్లపుల్ల వంటివి లోపల విరిగి ఇరుక్కుంటాయి కనుక వాటిని వాడకపోవడమే మేలు. కడిగిన తరువాత పూర్తిగా ఆరనిచ్చి, వాటి స్థానంలో కదలకుండా సరిగ్గా కూర్చోబెట్టాలి. తడి బర్నర్‌ను తొందరపడి బిగిస్తే మంట చిటపటలాడుతూ ఒకవైపే మండుతుంది.

కొన్నాళ్లు ఊరికి వెళ్లి వచ్చినప్పుడు బర్నర్ కింది గొట్టంలో సాలీడు గూడు కట్టి ఉండవచ్చు. మంట వెనక్కి కొట్టినట్లు శబ్దం వస్తే దానిని అనుమానించాలి. అయితే గ్యాస్ చిమ్మే సన్నని జెట్‌ను, మీటల లోపలి భాగాలను స్వయంగా విప్పరాదు. మీట బిగుసుకుపోతే నూనె చుక్కలు వేసి సరిపెట్టుకోవడం ప్రమాదం. అది మెకానిక్ చేయవలసిన పని.

మంట చెప్పే మాట

ఆరోగ్యంగా ఉన్న పొయ్యి మంట నీలంగా, నిలకడగా ఉంటుంది. పసుపు లేదా నారింజ రంగు కొనలు కనిపిస్తున్నాయంటే గ్యాస్‌కు తగినంత గాలి అందడం లేదని, అది పూర్తిగా కాలడం లేదని అర్థం. ఫలితం మూడు విధాలుగా ఉంటుంది. గిన్నెలకు మసి పడుతుంది. అదే వంటకు ఎక్కువ గ్యాస్ ఖర్చవుతుంది. వీటికంటే పెద్ద విషయం, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, తల తిరగడం, వికారం దాని తొలి లక్షణాలు. కనుక కిటికీ మూసి వంట చేయరాదు. దమ్ కోసం మూతపై బొగ్గులు పరచే అలవాటున్న ఇళ్లలో ఈ జాగ్రత్త మరింత అవసరం. మూసిన గదిలో బొగ్గులు మండితే ఈ విషవాయువు చాలా త్వరగా పేరుకుంటుంది.

తినండి, త్రాగండి, కాని దుబారా చేయకండి అన్న భావం గల ఆదేశం అల్ ఆరాఫ్ సూరా 31వ ఆయతులో ఉంది. దుబారా అంటే విస్తరిలో అన్నం వదిలేయడమే కాదు. మూసుకుపోయిన బర్నర్ మీద వృథాగా పోయే ఇంధనం కూడా దుబారాయే. నెలాఖరులో సిలిండర్ డబ్బు కోసం తడుముకునే ఇంట్లో పది నిమిషాల శుభ్రత కొన్ని రోజుల గ్యాస్‌ను మిగల్చగలదు.

పెద్ద గిన్నెలు, దమ్ వంటలు

బిర్యానీ దేగిషాలు, హలీం గిన్నెలు మన వంటింటికి ప్రత్యేకం. విందు ఉన్న రోజున మొత్తం పొయ్యిని కప్పివేసేంత వెడల్పు గిన్నెను గానీ, పెనాన్ని గానీ గంటల తరబడి ఉంచితే వేడి పైకి పోలేక కిందికి మళ్లుతుంది. అద్దం పలకకు, మీటలకు, గొట్టం బిగించిన చోటుకు ఆ సెగ తగులుతుంది. ఇంటి పొయ్యి మీద దానికి తగిన పరిమాణంలోని గిన్నెలే వాడాలి. అంతకు మించిన వంటలకు నేలమీద స్థిరంగా నిలిచే పెద్ద పొయ్యిని ఆరుబయట ఏర్పాటు చేసుకోవడం శ్రేయస్కరం.

గొట్టం, సిలిండర్

ఉక్కు తీగ అల్లికతో తయారైన, ఐ.ఎస్.ఐ. ముద్ర గల సురక్షా గొట్టాన్ని మాత్రమే వాడాలి. దానిపై గడువు ముద్రించి ఉంటుంది. దాని ఆయుష్షు 5 సంవత్సరాలు. పైకి బాగానే కనిపించినా గడువు తీరితే మార్చవలసిందే. గొట్టం పొడవు 1.5 మీటర్లకు మించరాదు. దానిపై గుడ్డ చుట్టరాదు. చుడితే లోపలి చీలిక కంటికి కనిపించదు. నెలకొకసారి గొట్టాన్ని చేతితో తడిమి, వంచి చూడాలి. అతుకుల వద్ద సబ్బు నురుగు రాసి చూస్తే గ్యాస్ కారుతున్న చోట బుడగలు లేస్తాయి. అగ్గిపుల్ల గీసి పరీక్షించడం ప్రాణాలతో చెలగాటం.

ఇంటికి వచ్చే 14.2 కిలోల సిలిండర్ పైన, పిడి కింది పట్టీ మీద ఒక అక్షరం, రెండంకెలు ఉంటాయి. అది సిలిండర్‌కు తిరిగి పరీక్ష జరగవలసిన గడువు. 'ఎ' అంటే జనవరి నుండి మార్చి, 'బి' అంటే ఏప్రిల్ నుండి జూన్, 'సి' అంటే జూలై నుండి సెప్టెంబర్, 'డి' అంటే అక్టోబర్ నుండి డిసెంబర్. పక్కన ఉన్న అంకెలు సంవత్సరాన్ని తెలుపుతాయి. గడువు దాటిన సిలిండర్‌ను తీసుకోకుండా తిప్పి పంపే హక్కు మనకు ఉంది. మూత తీయించి, లోపలి రబ్బరు వాషర్ సరిగా ఉన్నదీ లేనిదీ తెచ్చిన వ్యక్తి ముందే చూసుకోవాలి. సిలిండర్‌ను ఎల్లప్పుడూ నిలువుగా ఉంచాలి. పొయ్యి దానికంటే ఎత్తైన గట్టు మీద ఉండాలి.

గ్యాస్ వాసన వస్తే

వంట గ్యాస్ గాలికంటే బరువైనది. కారినప్పుడు పైకి పోకుండా నేలబారున పరచుకుంటుంది. దానికి సహజంగా గాఢమైన వాసన ఉండదు. కారితే మనకు తెలియాలనే ఆ ఘాటు వాసనను కలుపుతారు. వాసన తగలగానే ఏ స్విచ్చినీ ముట్టరాదు. వెలుగుతున్న దీపాన్ని ఆర్పనూ రాదు, ఆరిన దీపాన్ని వెలిగించనూ రాదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ జోలికి పోరాదు. మంటలన్నీ ఆర్పి, రెగ్యులేటర్ మూసి, తలుపులూ కిటికీలూ బార్లా తెరవాలి. పిల్లలను, వృద్ధులను బయటికి పంపాలి. ఇంటి వెలుపలికి వెళ్లిన తరువాతనే ఫోను వాడాలి. 1906 అనే సహాయ సంఖ్య ఇందుకోసం రాత్రింబవళ్లు పనిచేస్తుంది. సహరీ వేళ నిద్రమత్తులో వంటింట్లోకి అడుగుపెట్టగానే చేయి స్విచ్ మీదికి పోవడం అందరికీ అలవాటే. ముందు ఒక క్షణం ఆగి వాసన చూడడాన్ని అలవాటు చేసుకుందాము.

ఈ విషయంలో పొరుగువారిని మరువరాదు. పొరుగువాని హక్కుల గురించి జిబ్రీల్ (అ) ఎంతగా తాకీదు చేశారంటే, అతనికి వారసత్వంలో కూడా వాటా కల్పిస్తారేమోనని దైవప్రవక్త (స) భావించారు. అపార్టుమెంట్లలో, గోడకు గోడ ఆనుకున్న బస్తీ ఇళ్లలో ఒకరి నిర్లక్ష్యం ఆ ఇంటితో ఆగిపోదు. మన గొట్టంలోని చీలిక పక్కింటి పసిపిల్లల ప్రాణం మీదికి రావచ్చు.

చలి దేశాలలో ఉన్న మనవారికి

విదేశాలలో స్థిరపడిన కొందరి ఇళ్లలో గది వెచ్చదనం కోసం రంపపు పొట్టు గుళికలతో మండే పొయ్యిలు ఉంటాయి. సాధనం వేరైనా సూత్రం ఒక్కటే. గుళికలు మండే పాత్రను తరచూ గీకి శుభ్రపరచాలి. బూడిదను పూర్తిగా చల్లారాకే తీసి, మూత గల ఇనుప డబ్బాలో ఇంటి వెలుపల ఉంచాలి. బూడిదలో దాగిన నిప్పు చాలాసేపు బ్రతికే ఉంటుంది. ఏడాదికొకసారి పొగగొట్టాన్ని నిపుణులతో శుభ్రం చేయించాలి. కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే గంటను ఇంట్లో తప్పక అమర్చుకోవాలి.

ఇది ఎవరి పని?

వంట స్త్రీలు చేస్తారు కనుక పొయ్యి బాధ్యత కూడా వారిదేనన్న భావన మన కుటుంబాలలో పాతుకుపోయింది. దైవప్రవక్త (స) ఇంట్లో ఏమి చేస్తుండేవారని అడిగినప్పుడు, ఆయన ఇంటివారి పనులలో సహాయపడుతూ ఉండేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. ఈ ఆదర్శాన్ని ప్రసంగాలలో వినడమే కాక వంటింట్లో ఆచరించవలసి ఉంది. గొట్టం గడువు చూడడం, మెకానిక్‌ను పిలిపించడం, సిలిండర్ పరీక్షించి దించుకోవడం ఇంటి పురుషులు స్వీకరించవలసిన కనీస బాధ్యతలు. బర్నర్ కడగడం కూడా వారి గౌరవానికి భంగకరం కాదు. రోజంతా సెగ భరించే ఇల్లాలు గొట్టం మార్చమని మూడుసార్లు చెప్పినా పట్టించుకోని భర్త, తన సంరక్షణలో ఉన్నవారి గురించి రేపు అల్లాహ్ సమక్షంలో అడగబడతాడన్న సంగతి మరువరాదు.

అన్నిటికీ అల్లాహ్ ఉన్నాడు, ఏమీ కాదు అనడం తవక్కుల్ కాదు. ఒంటెను కట్టి, ఆపై అల్లాహ్‌పై భారం మోపమన్నది మన ప్రవక్త (స) బోధన. ప్రాణాన్ని, సంపదను కాపాడడం షరీఅత్ లక్ష్యాలలో ఉన్నాయని ఇమామ్ గజాలీ వంటి పండితులు వివరించారు. మన వంటింట్లో ఆ రెండింటి రక్షణ ఒక గొట్టంతో, ఒక మీటతో, ఒక శుభ్రమైన బర్నర్‌తో ముడిపడి ఉంది.

ఈ పుట చదవడం ముగించిన వెంటనే వంటింట్లోకి వెళ్లి గొట్టంపై ముద్రించిన సంవత్సరం చూడండి. గడువు తీరి ఉంటే రేపటికి వాయిదా వేయకండి. మన ఇళ్లలోని నిప్పును అల్లాహ్ మనకు ఉపాధి సాధనంగానే ఉంచి, దాని కీడు నుండి మనల్ని, మన పొరుగువారిని కాపాడుగాక. ఆమీన్.