తిరిగొచ్చినంత మాత్రాన ఓడినట్టా?

విదేశీ ఫుట్‌బాల్ క్లబ్బుకు వెళ్లి గోల్స్ లేకుండా తిరిగొచ్చిన ఫార్వర్డ్‌ను ‘తేలిపోయాడు’ అని కొట్టిపారేయడం అన్యాయం. అమెరికా ఆటగాడు లాండన్ డోనోవన్ 2009లో లోన్ మీద బయర్న్ మ్యూనిక్‌కు ఆడాడు. లీగ్‌లో 6 మ్యాచ్‌లు, గోల్ ఒక్కటీ లేదు. అంతకుముందు మరో జర్మన్ క్లబ్బు లెవర్కూసెన్‌లోనూ కుదురుకోలేకపోయాడు. కానీ 2010 ప్రపంచకప్‌లో అల్జీరియాపై ఇంజురీ టైమ్‌లో గోల్ కొట్టి అమెరికాను గట్టెక్కించింది అతనే. ఫార్వర్డ్ ఆటంతా అరక్షణంలో ఉంటుంది. వింగ్ మీదివాడి కాలు బంతిని తాకకముందే పరుగు అందుకోవాలి. పరాయి భాషలో సహచరుడి కేక అర్థమయ్యేలోపు డిఫెండర్ అడ్డం పడిపోతాడు. పైగా చలి, ఒంటరి గది, బెంచీ మీద నిరీక్షణ. ఇదంతా మనకు దూరపు ముచ్చటేమీ కాదు. మన నిజామాబాద్ బిడ్డ గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు వెళ్లింది. తిరిగొచ్చింది, ఆట వదల్లేదు. ఈస్ట్ బెంగాల్ జెర్సీలో 2024-25 జాతీయ మహిళల లీగ్ గెలిచింది, ఆ సీజన్‌కు దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా ఫుట్‌బాల్ ఫెడరేషన్ అవార్డు అందుకుంది. హన్మకొండ జేఎన్ఎస్ స్టేడియంలో సాయంత్రం బూట్లు బిగించుకునే పిల్లల్లో రేపు ఎవరికైనా అలాంటి పిలుపు రావచ్చు. విమానం టికెట్టు, శాలువా సన్మానం చాలవు. వెళ్లే ముందే ఆ దేశపు భాష నేర్పించాలి, అక్కడ కష్టసుఖాలు చూసుకునే మనిషిని పెట్టాలి, రెండో సీజన్ దాకా ఖర్చు భరించాలి. ప్రభుత్వమూ, క్రీడా సంఘాలూ ఇప్పుడే పూనుకోవాల్సిన పని ఇది.